ఖాసిం సాబ్ ఇచ్చిన తోఫా

1954వ సంవత్సరం, ఎండలు ఇంకా ముదరలేదు. పటాన్‌చెరువు నుంచి సంగారెడ్డికి పోయే సడక్‌కు ఒక పక్కన, ఇప్పుడు ఫ్యాక్టరీల పొగగొట్టాలు నిలబడ్డ చోట, అప్పుడు గుర్రాల ఫారం ఉండేది. చుట్టూ కంచె, లోపల గడ్డి పెంచిన పెద్ద పెద్ద దొడ్లు, వరసగా పెంకుల తబేలాలు. అంతకు ముందు అది ఒక జాగీర్దారుది. జాగీర్లు రద్దయ్యాక వారసులు భూమినీ గుర్రాలనూ కలిపి నగరంలోని ఒక కంట్రాక్టరు సేఠుకు అమ్మేశారు. సేఠు ఎప్పుడో ఒకసారి మోటారులో వచ్చి చూసి పోయేవాడు. పెత్తనమంతా మేనేజరు రంగారావుది. నేను అక్కడ సాయిసును, అంటే గుర్రాలను చూసుకునే నౌకరును. మాది కర్దనూరు. బడి ముఖం చూడలేదు. చదువంటూ వచ్చిందంటే అది పెద్దయ్యాక నాకు నేను నేర్చుకున్నదే.

గుర్రప్పందేల సంగతి అందరికీ తెలుసు. పందెపు గుర్రం పుట్టక ముందే దాని మీద ఎంత బేరం నడుస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ బేరం నేను దగ్గరి నుంచి చూశాను. చూసి యాభై ఏళ్లు దాటినా నా కడుపులో మంట చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

పెద్ద పందేలు గెలిచిన మగగుర్రాన్ని, పరుగు మాన్పించిన తర్వాత, ఫారంలో నిలబెడతారు. దాన్ని స్టాలియన్ అంటారు. యజమానులు తమ ఆడగుర్రాలను తెచ్చి దానితో దాటిస్తారు. అలా దాటించుకునే హక్కుకు నామినేషన్ అని పేరు. దానికి కట్టే సొమ్ము స్టడ్ ఫీజు. మా ఊళ్లో ఆవు ఎదకు వస్తే దేవుడి పేర అచ్చువేసి వదిలిన ఆంబోతు ఉండేది. అది ఎవరి చేలో మేసినా కట్టె తీసేవాళ్లు కాదు, దాని దాటుకు ఎవరూ పైసా అడిగేవాళ్లు కాదు. అలాంటి ఊరి నుంచి వచ్చిన నాకు స్టడ్ ఫీజు ఎంతో మొదటిసారి చెప్పినప్పుడు, కొత్తవాణ్ని కదా అని ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. మా ఫారం స్టాలియన్‌కు ఏదో నోరు తిరగని ఇంగ్లీషు పేరుండేది. మేము బాద్షా అనేవాళ్లం. బాద్షా నామినేషన్ ఒక్కటి నా ఏడాది జీతం కన్నా ఎక్కువ.

అంత ధర పెట్టి కూర్చుంటే వచ్చే ఆడగుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. సీజన్‌లో కూడా బాద్షా చాలా రోజులు ఊరికే నిలబడి గోడ నాకుతూ ఉండేది. నాకు ఉండబట్టక ఒకసారి మేనేజరును అడిగాను.

"సార్, సగం దినాలు ఉత్తగనే నిలవడుతున్నది గద. జెర రేటు తగ్గిస్తె ఇంకో నాలుగు ఘోడీలు రావా?"

రంగారావు నవ్వాడు. మనిషి సౌమ్యుడు. ఒక్కనాడు గొంతు పెంచి ఎరగడు.

"నీ పెసర్ల బేరం గాదుర నర్సింలూ ఇది. పెసర్లు మిగిలితె పుచ్చిపోతయి, గందుకే అగ్గువకు ఇస్తం. గుర్రం పేరు అగ్గువకు ఇస్తెనే పుచ్చిపోతది. ఇయ్యాల రేటు దించిన్ననుకో, బొంబాయోళ్లు ఏమంటరు? బాద్షాల పస తగ్గింది, గందుకే దించిన్రంటరు. రేపు ఎక్కువ ఇచ్చేటోడు గూడ రాడు."

ఆ మాటలో తెలివి ఉంది, కాదనను. ధర అనేది అక్కడ సరుకుకు కాదు, పేరుకు. ఆ పేరును కాపాడే కంచె లాంటిది ధర. కానీ కంచెకు ఒక దొంగదారి కూడా ఉండేది. ఒక ఆడగుర్రానికి అంతకు ముందు పుట్టిన పిల్లలు పందేలు గెలిచి ఉంటే దాని యజమానికి ఫీజు మాఫీ చేసేవాళ్లు. మంచి తల్లి కడుపున పుట్టిన పిల్ల గెలిస్తే తండ్రి పేరు పెరుగుతుంది, పేరు పెరిగితే వచ్చే ఏడు ఫీజు పెరుగుతుంది. కాబట్టి అది దానం కాదు, పెట్టుబడి.

ఫీజు కట్టేవాళ్లలోనూ రెండు రకాలు. బొంబాయి, పూనా పెద్దమనుషులకు 'నో ఫోల్ నో ఫీ'. అంటే పిల్ల పుట్టి నాలుగు కాళ్ల మీద నిలబడితేనే సొమ్ము, లేకపోతే లేదు. చుట్టుపక్కల చిన్నవాళ్లకు ముందే నగదు. గుర్రం చూడి కట్టకపోతే మరుసటి సీజన్‌లో మళ్లీ ఉచితంగా దాటిస్తారు. దాన్ని రిటర్న్ అంటారు.

నా పని బాద్షా దగ్గర కాదు, మోతీ దగ్గర. మోతీ టీజర్. ఈ మాట కొంచెం విప్పి చెప్పాలి. ఆడగుర్రం ఎదకు వచ్చిందో లేదో మనిషి కంటికి ఖాయంగా తెలియదు. రాకముందే స్టాలియన్‌ను దగ్గరికి తెస్తే ఆడగుర్రం తన్నుతుంది. ఖరీదైన గుర్రం కాలు విరిగితే ఫారమే మునుగుతుంది. అందుకని తక్కువ జాతి మగ తట్టుగుర్రాన్ని ఒకదాన్ని పెట్టుకుంటారు. మధ్యలో గోనె కుట్టిన చెక్క గోడ. ఒకవైపు ఆడగుర్రం, ఇంకోవైపు మోతీ. ఆడగుర్రం చెవులు వెనక్కి వాల్చి గోడను తన్నిందంటే ఇంకా సమయం కాలేదు. తోక ఎత్తి నెమ్మదిగా నిలబడిందంటే అయింది. అంతే, నేను మోతీని అటు లాక్కుపోవాలి, ఇటు బాద్షాను తెస్తారు. తన్నులు మోతీవి, సకిలింపు మోతీది. పిల్లలు మాత్రం బాద్షావి.

దాటిన తర్వాత కూడా మోతీతో పని ఉండేది. మూడు వారాలు కాగానే ఆడగుర్రాన్ని మళ్లీ గోడ దగ్గరికి తెస్తాం. చూడి కట్టిన గుర్రం మోతీని దగ్గరికి రానివ్వదు. మళ్లీ తోక ఎత్తిందంటే ఆ దాటు వృథా అయినట్టే.

ఆ ఏడు సీజన్ మొదట్లో ఖాసిం సాబ్ వచ్చాడు.

ఆయన పాత జాగీర్దారు దగ్గర చాబుక్ సవార్, అంటే గుర్రాలకు నడక నేర్పేవాడు. జాగీరు పోయినప్పుడు ఆయనకు రావలసిన జీతాలకు బదులు జాగీర్దారు షబ్నం అనే ఆడగుర్రాన్ని ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. మంచి జాతి గుర్రం. దాని కడుపున పుట్టిన రెండు పిల్లలు హైదరాబాదులో పందేలు గెలిచాయి. కానీ వయసు మళ్లుతోంది. మహా అయితే ఇంకో రెండు మూడు ఈతలు. ఖాసిం సాబ్ సంగారెడ్డిలో కిరాయి ఇంట్లో ఉంటూ, ఉన్నవి ఒక్కొక్కటే అమ్ముకుంటూ దాన్ని మేపుతున్నాడు. ఒక్క పిల్ల పుడితే చాలు, పందెపు గుర్రాల వాళ్లు కొనుక్కుపోతారు, ఆ సొమ్ముతో తనూ షబ్నమూ చివరిదాకా గడపొచ్చు. పుట్టకపోతే? సంగారెడ్డిలో తిండికి లేనివాడి గుర్రానికి ఒకటే దారి, టాంగా. పందెం పరుగెత్తిన గుర్రాన్ని టాంగా కాడికి కట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

సంగారెడ్డి నుంచి కంది, రుద్రారం మీదుగా దాన్ని నడిపించుకుంటూ తనూ పక్కనే నడిచి వచ్చాడు. గేటు దగ్గర మా సాయిసులు ఎగతాళి పట్టించారు.

"ఏంది సాబ్, గుర్రం ఉంచుకొని నడుస్తున్నవు? ఎక్కుడు మరిసినవా?"

"పెండ్లికి వోయే బిడ్డతోని బరువు మోపిస్తరార, బేవకూఫ్?" అన్నాడు ఖాసిం సాబ్. "ముందుగాల దానికి నీళ్లు తాపుండ్రి. నాకు తర్వాత."

నేను ఆయన్ను మేనేజరు దగ్గరికి తీసుకుపోయాను. రంగారావు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, షబ్నం సంగతి అంతా విన్నాడు. దాని పిల్లలు గెలిచిన సంగతి ఆయనకు ముందే తెలుసు. వాళ్ల నియమం ప్రకారమే చూస్తే అలాంటి తల్లికి ఫీజు మాఫీ కావాలి. ఆ మాట రంగారావు నోటి నుంచి రాలేదు. ఫీజు ఎంతో చెప్పాడు.

ఖాసిం సాబ్ తల అడ్డంగా ఊపాడు. "ఫీజు ఇయ్య సాబ్."

"తగ్గించుడు మాత్రం కాదు ఖాసిం సాబ్. సేఠు ఒప్పుకోడు."

"తగ్గించమంటలేను. ఎంతైనా ఇయ్య. మగ జీవం దాటును అమ్ముకునుడు, కొనుక్కునుడు మా దీన్ల, మా మతంల, హరామ్. మా నాయిన జాగీర్ల ఉన్నన్ని దినాలు ఎవ్వరి ఘోడీకి గూడ పైస తీసుకోలే. దాటించినంక ఇచ్చేటోడు దిల్‌తోని తోఫా ఇయ్యొచ్చు, తీసుకునేటోడు తీసుకోవచ్చు. బేరం చెయ్యరాదు, గంతే."

రంగారావు ఒక్క క్షణం ఆయన ముఖం చూశాడు. తర్వాత లేచి రెండు చేతులూ జోడించాడు.

"మంచి మాట చెప్పిన్రు సాబ్. మీ దీన్‌కు అడ్డం మేమెందుకొస్తం? ఫీజు మీరియ్యొద్దు, మేం తీసుకోం. మీ దిల్ ఏది చెప్తె గది ఇయ్యుండ్రి."

అప్పుడు నాకు రంగారావు దేవుడిలా కనిపించాడు. బయటికి వచ్చాక ఖాసిం సాబ్‌తో అన్నాను కూడా, పెద్ద మనసున్న మనిషి అని. ఆయనా అవునన్నాడు. మా ఊరి ఆంబోతు ధర్మమూ ఆయన దీనూ ఒకటే చెబుతున్నాయని ఇద్దరం సంబరపడ్డాం.

షబ్నం ఎదకు వచ్చింది. మోతీ తన వంతుకు సకిలించి తన దారిన పోయింది, బాద్షా వచ్చింది, పని అయింది. ఖాసిం సాబ్ మరునాడు సంగారెడ్డి పోయి ఒక మూట తెచ్చాడు. విప్పితే జీను. అంచులకూ రికాబులకూ వెండి తాపడం. మొండి గుర్రాన్ని ఒకదాన్ని లొంగదీసినందుకు జాగీర్దారు నిండు సభలో ఇచ్చిందట. సరాఫు దుకాణంలో ఆ వెండి ఒలిచి అమ్మినా మా ఫారం ఫీజుకు తక్కువ రాదు. ఆయన ఇంట్లో అమ్మకుండా మిగిలిన వస్తువు అదొక్కటే.

"గింత ఎందుకు సాబ్?" అన్నాను పక్కకు పిలిచి. "తోఫా అంటె ఒక శాలువ ఇచ్చినా తోఫానే గద."

"ఫీజు ఎగ్గొట్టెతందుకు దీన్ పేరు చెప్పిండంటరు రా. తోఫా అంటె ఫీజు కన్న ఎక్కువుండాలె, తక్కువ గాదు."

రంగారావు ఆ జీనును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

మూడు వారాల తర్వాత షబ్నంను గోడ దగ్గరికి తెచ్చాను. తోక ఎత్తింది. సరే, ఒక్కోసారి మొదటి దాటు తప్పుతుంది. మళ్లీ దాటించారు. మళ్లీ మూడు వారాలకు అదే తీరు. అప్పటికి నాకు వేరే అనుమానం మొదలైంది. షబ్నం ఒక్కటే అయితే దాని ఖర్మ అనుకోవచ్చు. ఆ ఏడు బొంబాయి గుర్రాలు, పూనా గుర్రాలు, వయసులో ఉన్నవి, అన్నీ తిరిగి తిరిగి మోతీ ముందుకే వస్తున్నాయి. మోతీకి అంత పని మునుపెప్పుడూ లేదు. తబేలాలో సాయిసులమంతా గుసగుసలాడుకున్నాం. నగరం నుంచి డాక్టరు వచ్చి బాద్షాను చూసి పోయాడు. ఏం చెప్పాడో మాకు చెప్పేవాళ్లు లేరు. బాద్షా రేటు మాత్రం దించలేదు.

ఎండలు ముదిరి సీజన్ ముగిసింది. షబ్నం ఖాళీ. దానితో పాటు మిగిలినవాటిలో ఎక్కువ ఖాళీ. బొంబాయి వాళ్లకు నో ఫోల్ నో ఫీ ఉంది కాబట్టి పైసా పోలేదు. పోయింది ఒక ఏడు, వాళ్ల దొడ్లలో ఇంకా బోలెడు గుర్రాలు. ఖాసిం సాబ్‌కు ఉన్నది ఒక్క గుర్రం, దానికి మిగిలింది రెండు మూడేళ్లు.

ఆయన షబ్నంను తీసుకుపోవడానికి వచ్చిన రోజు మెల్లగా చెప్పాను.

"సాబ్, దోషం మీ ఘోడీది గాదు. బాద్షాదే. అన్ని ఘోడీలు గట్లనే తిరిగొచ్చినయి. మేనేజరును గట్టిగ అడుగుండ్రి."

ఆయన నా మీద కళ్లెర్ర చేశాడు. "చుప్! ఒకరింటికి దావత్‌కు వోయి వాళ్ల కూరకు వంకలు పెడ్తమా? వాళ్లు పిలిచిన్రు, కుర్సీ ఏసిన్రు. వాళ్ల గుర్రాన్ని నా నోటితోని అనాల్నా?"

ఆయన అడగడని అర్థమై నేనే అడిగాను. మేనేజరు గదిలో, ఖాసిం సాబ్ ముందే.

"సార్, వచ్చే ఏడు షబ్నంకు రిటర్న్ ఇయ్యాలె గద."

రంగారావు ఎప్పటిలాగే సౌమ్యంగా చూశాడు. "రిటర్న్ ఎవలకుర? ఫీజు కట్టినోళ్లకు. సాబ్ ఫీజు ఏడ కట్టిండు?"

"జీను ఇచ్చిండు గద సార్. ఫీజు కన్న ఎక్కువే ఇచ్చె."

"గది తోఫా. తోఫాకు రిటర్న్ ఉంటదా? నేను గిప్పుడు రిటర్న్ ఇస్తె గది బేరం అయితది. బేరమైతె సాబ్ దీన్‌కే గద దోషం." ఖాసిం సాబ్ వైపు తిరిగాడు. "నేను తప్పు మాట్లాడితె చెప్పుండ్రి సాబ్. మీరే పెద్దలు."

ఖాసిం సాబ్ పెట్టిన నియమంతోనే ఆయన్ను కట్టేశారు. ఆయన "సహీ బాత్" అన్నాడు. "తోఫా తోఫానే. వాపస్ అడిగేటోడు మొగోడు గాదు."

అంతే. గోడ మీద వెండి జీను ఆ గదిలోనే వేలాడుతోంది. వచ్చిన పెద్దమనుషులకు చూపించడానికి తగిలించాడు.

ఇంకో ఫారానికి తీసుకుపొమ్మని నేను ఖాసిం సాబ్‌తో పోరాను. అక్కడా ఫీజు కడితేనే, ఆయన ఫీజు కట్టడు. తోఫా ఇద్దామంటే ఇంట్లో ఏమీ మిగల్లేదు. వానలు సరిగ్గా పడలేదు, గడ్డి పిరమైంది. సంగారెడ్డి టాంగా అడ్డా నుంచి ఇద్దరు మనుషులు వచ్చి షబ్నం పళ్లు చూసి పోయారట. వాళ్లు వచ్చి పోయినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు.

అప్పుడు రంగారావు కబురు పంపాడు. షబ్నంను ఫారం తీసుకుంటుందని.

బేరం నా ఎదుటే జరిగింది. బేరం అనడమే తప్పు, ఒకడు చెప్పాడు, ఒకడు విన్నాడు.

"వయసు మీద పడ్డది గద సాబ్. ఒక సీజన్ అంత ఖాళీగనే పాయె. గసొంటి ఘోడీకి పందెపు గుర్రాల ధర ఎవలిస్తరు? టాంగ గుర్రం ధర ఇస్తం. మీ మొఖం చూసి ఇస్తున్న."

"పైసలు మీ ఇష్టం. ఒక్కటే మాట ఇయ్యుండ్రి. దాన్ని బండికి కట్టొద్దు."

"నా కండ్లల పాణం ఉన్నన్ని దినాలు కట్టనియ్య."

ఆ మాట రంగారావు నిలబెట్టుకున్నాడు. ఒక్కరోజు కూడా దాన్ని బండికి కట్టలేదు. ఖాసిం సాబ్ అతని చేతులు పట్టుకుని దువా చేశాడు. ఆయన షబ్నం మెడ మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్పి, వెనక్కి చూడకుండా గేటు దాటిపోయాడు.

తర్వాతి సీజన్‌కు బొంబాయి నుంచి కొత్త స్టాలియన్ వచ్చింది. బాద్షాను ఎటో పంపేశారు. 'వయసులో ఉన్న గుర్రం కావాలని సేఠు ముచ్చటపడ్డాడు' అని రంగారావు అందరికీ చెప్పాడు. ఒకరోజు నాకు హుకుం వచ్చింది: షబ్నంను కొత్త గుర్రంతో దాటించాలి, మోతీ దగ్గరికి తీసుకురా అని. తెచ్చాను. దాటించారు. మూడు వారాలకు మళ్లీ తెస్తే షబ్నం చెవులు వెనక్కి వాల్చి గోడను ఫడేల్మని తన్నింది. మోతీ బెదిరి నా కాలు తొక్కింది. ఆ నొప్పికి ఏడవాలో, గుర్రం చూడి కట్టినందుకు నవ్వాలో తెలియక అక్కడే కూలబడ్డాను.

మరుసటి ఏడు మొదట్లో షబ్నం ఈనింది. ఎర్రటి మగపిల్ల, నుదుట తెల్లటి చుక్క. పుట్టిన కాసేపటికే నిలబడింది. కబురు తెలిసి ఖాసిం సాబ్ చూడటానికి వచ్చాడు. అప్పటికి ఆయన సంగారెడ్డి అడ్డాలో ఎవరిదో టాంగా కిరాయికి తోలుతున్నాడు. దొడ్డి కంచె దగ్గర నిలబడి నాలుకతో చిన్నగా టిక్కుమనిపించాడు. షబ్నం తల ఎత్తి, గడ్డి వదిలి, పిల్లను వెంటేసుకుని కంచె దాకా వచ్చింది.

"మాషాల్లా," అన్నాడు. "కాళ్లు చూసినవార నర్సింలూ? అచ్చం అమ్మ కాళ్లే."

ఆయన ముఖంలో ఎక్కడా ఈర్ష్య లేదు.

అదే సమయానికి రంగారావు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. నగరం వాళ్లు. కొత్త స్టాలియన్‌కు తమ గుర్రాలను పంపాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చారు. కొత్త గుర్రం పిల్లలు ఇంకా పరుగు మొదలుపెట్టలేదు కాబట్టి దానికి పేరు రాలేదు. పేరు లేనిదానికి ధర పెట్టడం కష్టం. రంగారావుకు ఏదో ఒక రుజువు కావాలి. కంచె దగ్గర నిలబడ్డ ఖాసిం సాబ్‌ను చూశాడు. అతని ముఖం వెలిగింది.

"అరె, ఖాసిం సాబ్! ఎల్లకాలం బతుకుండ్రి. సమయానికి అల్లా తోలిచ్చిండు మిమ్మల్ని." వాళ్లకు చూపించాడు. "ఈ ముసలి ఘోడీ మొదలు ఈ సాబ్‌దే. సీజన్ అంత దాటించినా నిలువలే. మా కొత్త గుర్రం ఒక్కసారికే నిలిపింది. నా మాట నమ్మకుండ్రి, సాబ్‌నే అడుగుండ్రి. ఈయన అబద్ధం ఆడడు."

పెద్దమనుషుల్లో ఒకాయన అడిగాడు. "నిజమేనా సాబ్? మీ దగ్గర ఉన్నప్పుడు ఖాళీగనే ఉండెనా?"

ఖాసిం సాబ్ పిల్ల మీది నుంచి చూపు తిప్పలేదు. "నిజమే. ఖాళీగనే ఉండె."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫీజు ఎంత అని అడిగారు. రంగారావు చెప్పిన ధర బాద్షా ధర కన్నా ఎక్కువ. పొద్దున ఆఫీసులో మాకు చెప్పిన రేటు కన్నా కూడా ఎక్కువ. వాళ్లు సరేనన్నారు. అక్కడే, కంచె పక్కనే, రెండు నామినేషన్లు మాట్లాడుకున్నారు.

ఇక నేను ఆగలేకపోయాను.

"ఆ ఏడు దీన్ని దాటింది బాద్షా. బాద్షాకు వచ్చిన ఘోడీలు మస్తుగ ఖాళీగనే పోయినయి. గది గూడ చెప్పుండ్రి సార్. దోషం ఘోడీల లేకుండె."

రంగారావు నవ్వాడు, అదే సౌమ్యమైన నవ్వు. "మా సాయిసు. టీజర్‌ను పట్టుకుంటడు." టీజర్ అనేసరికి పెద్దమనుషులు కూడా నవ్వారు. ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ ఆఫీసు వైపు నడిచారు. సాయంత్రం నా లెక్క తేల్చి పంపేశారు.

నేను బట్టలు మూటగట్టుకుని వచ్చేసరికి ఖాసిం సాబ్ సడక్ మీద టాంగా ఆపుకుని నా కోసం చూస్తున్నాడు. ఎక్కి కూర్చున్నాను.

"నౌకరీ పోగొట్టుకుంటివి గదర, పాగల్," అన్నాడు.

"నా సంగతి ఇడువుండ్రి. మీరెందుకు చెప్పకపోతిరి, బాద్షా దోషమని? ఒక్క మాట మీ నోట్లకెల్లి వస్తె వాళ్లు నమ్ముదురు."

"వాళ్లు నన్ను షబ్నం సంగతి అడిగిన్రు. బాద్షా సంగతి ఎవ్వరడిగిన్రు?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఆయన మీద, రంగారావు మీద, ఆ నవ్విన ఇద్దరి మీద. ఇస్నాపూర్ దాటాక ఆయనే అన్నాడు. "పిల్ల మంచిగున్నది. బండికి కట్టలే. నేను కోరింది గంతే గదర."

అంతేనా ఆయన కోరింది? ఆ పిల్ల మీదే కదా బతుకంతా పెట్టుకున్నాడు. పిల్ల పుట్టింది, మంచిగా ఉంది, పుట్టాల్సిన కడుపునే పుట్టింది. ఆయనకు మాత్రం ఆ గిట్టల కింది మట్టి కూడా దక్కలేదు. చూపు మందగించే దాకా ఆయన పరాయి టాంగానే తోలాడు.

తర్వాత నేను చాలాచోట్ల పని చేశాను. ఇంగ్లీషు కూడబలుక్కుని కొన్ని పుస్తకాలు చదివాను. ధర అనేది కొనేవాడి అవసరాన్నిబట్టి, అమ్మేవాడి దగ్గరున్న సరుకునుబట్టి తేలుతుందని వాటిలో రాసి ఉంది. ఆ రాసినవాళ్లు మా ఫారం కంచె దగ్గర ఒక్క పూట నిలబడి ఉంటే ఇంకో అధ్యాయం రాసి ఉండేవాళ్లు. రంగారావు అబద్ధం ఆడి మోసం చేసి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ని. అబద్ధాలకోరులను చాలామందిని చూశాను. అతను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. తోఫా ఫీజు కాదన్నాడు, నిజం. గుర్రానికి వయసు మళ్లిందన్నాడు, నిజం. సీజనంతా ఖాళీగా ఉందన్నాడు, నిజం. బండికి కట్టనన్నాడు, కట్టలేదు. కడుపు నిలవనప్పుడు ఆ వయసు చూపించి షబ్నం ధర దించాడు. నిలిచాక అదే వయసు చూపించి మగగుర్రం ధర పెంచాడు.

అప్పటి నుంచి ఏ బేరంలోనైనా ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడా అని నేను చూడను. ఏ నిజం చెప్పకుండా దాటేస్తున్నాడో చూస్తాను. ఆ ఒక్క నిజం ఎవరి దగ్గరుంటే ధర వాడిదే.